డైనింగ్ కుర్చీల వీపు: కేనా, కడ్డీలా, జాలీ కటింగా?

ఎర్రనేల
అనంతపురంలో ఇల్లు. హాలూ డైనింగూ ఒకటే, నడుమ గోడ లేదు. టేకు బల్ల 6×3 అడుగులది రెడీగా ఉండాది. ఆరు కుర్చీలు చేయించాల. అటు రెండు, ఇటు రెండు, కొసలకు ఒక్కొక్కటి. సోఫాలో కూర్చుంటే బల్ల కనపడదు, కుర్చీల వీపులే కనపడతాయి. వాకిట్లో అడుగు పెట్టినా మొదట కనపడేది కొస కుర్చీ వీపే. అందుకే డిజైనంతా వీపుకే పెట్టాలనుకుంటున్నాము. ఆచారి ఫోనులో నెమలి బొమ్మ చూపించి, 18 ఎంఎం ఎండీఎఫ్‌లో (చెక్కపీచును జిగురుతో అదిమి చేసే పలక) సీఎన్సీ (కంప్యూటరు మిషను) కటింగు చేయించి బిగిస్తానంటాడు. కేన్ వేద్దామంటే అంగడాయన "మన ఎండలకు పగిలిపోతాది, వద్దు" అంటాడు. డైనింగు పక్కనే పడమటి కిటికీ ఉంది. ఏది నిలుస్తాది, ఏది చూసేదానికి బాగుంటాది? తెలిసినోళ్లు చెప్పండి.

ఉప్పుకాగితం
ఎండీఎఫ్ నెమలి వద్దే వద్దు. పూజగది తలుపుకైతే సరే. కుర్చీ వీపు మీద మనిషి బరువేసి వాలతాడు, అన్నం తిన్నాక ఇంకా గట్టిగా వాలతాడు. నెమలి మెడ దగ్గర 6 ఎంఎం సన్నం వస్తాది, ముందు విరిగేది అక్కడే. విరిగినాక అతికించినా గీత కనపడతానే ఉంటాది.

కడపకమ్మి
ఉప్పుకాగితం అన్నా, ఒక్కమాటతో కొట్టేయొద్దు. తప్పు ఎండీఎఫ్‌ది కాదు, బొమ్మది. టేకు చట్రం కట్టి, దాని లోపల గాడిలో పలక కూర్చోబెడితే బరువు చట్రం మోస్తాది. కడపలో ఇట్లా చేసిన సెట్లు బాగానే నడుస్తాండాయి.

ఉప్పుకాగితం
సరే, చట్రంలోనే పెట్టినారనుకుందాం. అప్పుడు కూడా ఇవి చూసుకోవాల. 18 ఎంఎం పలకలో బొమ్మ ఎక్కడా 15 ఎంఎం కంటే సన్నబడకూడదు. 6 ఎంఎం బిట్టుతో కోస్తే లోపలి మూలలన్నీ 3 ఎంఎం గుండ్రం వస్తాయి, ఫోనులో కనపడే సూది మొనలు రావు. కోసిన అంచు పీచు లేచి ఉంటాది. ప్రైమరు కొట్టి, ఉప్పుకాగితం పట్టి, మళ్లీ ప్రైమరు కొట్టాల. అది ఎగ్గొడితే రంగంతా అంచులు పీల్చేస్తాయి. ఇంక అంచులోకి స్క్రూ దించితే పలక రెండుగా చీలుతాది. గాడిలో కూర్చోబెట్టడమే, స్క్రూ వద్దు. ఇవన్నీ పాటించినాక మిగిలేది నెమలి కాదు, లావు లావు గళ్ల జాలీ.

కడపకమ్మి
ఆ గళ్ల జాలీ బాగుంటాదనే నా మాట. ఎండీఎఫ్ బదులు హెచ్‌డీహెచ్‌ఎంఆర్ (ఇంకా గట్టిగా అదిమిన పలక) అడగండి. తడికి ఇంకా గట్టిగా నిలుస్తాది, అంచు కూడా నున్నగా వస్తాది.

గీతలపుస్తకం
చెక్క సంగతి తర్వాత. ముందు ఎక్కణ్ణుంచి చూస్తారో తేల్చుకోండి.

సోఫాలో కూర్చున్నవాళ్ల కన్ను నేలకు 42–45 అంగుళాల ఎత్తున ఉంటుంది. బల్ల ఎత్తు 30. కుర్చీ వీపు 34–36 దగ్గర ఆగితే బల్ల మీద నాలుగు నుంచి ఆరు అంగుళాలే లేస్తుంది. దాని పైనుంచి అవతలి గోడా కిటికీ కనపడతాయి, హాలు పెద్దదిగా అనిపిస్తుంది. 42 అంగుళాల హైబ్యాకులు ఆరు వరుసగా నిలబెడితే హాలు మధ్య అడ్డగోడ కట్టినట్టే. ఎత్తు వీపు కావాలనుకుంటే కొస కుర్చీలు రెంటికే పెట్టండి, అదీ 40 దాటకుండా.

రెండోది వెలుతురు. పడమటి కిటికీ ముందున్న కుర్చీని సాయంత్రం సోఫాలోంచి చూస్తే దాని వీపు మీద చెక్కిన పని ఏదీ కనపడదు. వెనక వెలుగుంటుంది కాబట్టి నల్లటి రూపురేఖ ఒక్కటే కనపడుతుంది. అక్కడ పనికొచ్చేది సందులున్న వీపు: కడ్డీలు, జాలీ, కేన్. లోతు తక్కువ చెక్కుడు పనికి పక్కనుంచి వెలుతురు పడాలి. అప్పుడే నీడ పడి గీత తేలుతుంది. కాబట్టి కిటికీ వైపున్న రెంటికీ, వాకిలికి ఎదురుగా ఉన్న దానికీ ఒకే డిజైను పెట్టాలనే పట్టు అక్కర్లేదు. చెక్క ఒకటి, ఎత్తు ఒకటి, పాలిష్ ఒకటి ఉంటే సెట్టుగానే కనపడతాయి.

మూడోది, కిటికీ గ్రిల్లు ఎట్లా ఉంది? గళ్ల గ్రిల్లు ముందు గళ్ల జాలీ కుర్చీ నిలబెడితే రెండు గళ్లూ ఒకదాని మీద ఒకటి పడి కంటికి ఇబ్బంది. నిలువు ఊచల గ్రిల్లయితే నిలువు కడ్డీల వీపుకూ ఇదే బాధ.

ఎర్రనేల
గ్రిల్లు నిలువు ఊచలదే అన్నా, నాలుగంగుళాలకొకటి. ఇది తట్టనే లేదు. అయితే కిటికీ పక్క కడ్డీలు వద్దంటారా?

గీతలపుస్తకం
కిటికీ ముందు కేన్ పెట్టండి. దాని గడి అరంగుళమే కాబట్టి దూరానికి పలచటి తెరగా కనపడుతుంది, ఊచలతో పోటీ పడదు. కడ్డీలే కావాలంటే కిటికీకి పలచటి తెల్ల కర్టెను వేసి పెట్టండి.

పాతసామాను
వీపునే బొమ్మగా చూపించడం కొత్త సంగతేం కాదు. ఇంగ్లండులో చిప్పెండేల్ అనే వడ్రంగి 1754లో అచ్చేసిన నమూనాల పుస్తకంలో కుర్చీ బొమ్మలకు లెక్కే లేదు. ఒకదానికీ ఇంకోదానికీ వీపు నడుమ నిలువు పలక మారిపోతాది. ఖర్చంతా ఎక్కడ పెట్టాలో వాళ్లకు తెలుసు.

హైబ్యాకు సంగతికి: స్కాట్లండులో హిల్ హౌస్ అనే ఇంటికి మాకింటాష్ అనే ఆర్కిటెక్టు వేసిన నిచ్చెన వీపు కుర్చీ 141 సెంటీమీటర్లు, అంటే నాలుగడుగుల ఏడంగుళాల పైమాటే. అది పడగ్గదిలో తెల్లగోడ ముందు నిలబెట్టడానికి వేసిన కుర్చీ, కూర్చుని తినడానికి కాదు. గీతలపుస్తకం చెప్పిన 36 అంగుళాల మాట పాటించండి.

ఉప్పుకాగితం
కేన్ అంటే చండీగఢ్ కుర్చీలు కూడా చూడమనండి. 1950లలో పియెర్ జన్నరే అనే ఆర్కిటెక్టు అక్కడి ఆఫీసులకు వేయించినవి టేకూ కేనే. చండీగఢ్ ఎండ మనకేం తక్కువ కాదు.

టేకుమాను
ఆచారితో మాట్లాడేటప్పుడు ఈ నాలుగు సంగతులు అడగండి. డిజైను కంటే ఇవే కుర్చీని నిలబెడతాయి.

వెనక కాళ్లు. వీపును మోసేది ఇవే. కింది కాలూ, పైన వీపు నిలువు కమ్మీ ఒకే ముక్కలో ఉండాల, సీటు దగ్గర అతుకు ఉండకూడదు. సీటు మట్టం నుంచి పైకి వెనక్కి వాలు 5 నుంచి 8 డిగ్రీలు చాలు. తిండి కుర్చీకి అంతకంటే వాలితే ముందుకు వంగి తినాల్సి వస్తాది. ఆ వాలు రావాలంటే నాలుగంగుళాల వెడల్పు పలకలోంచి వంపుగా కోయాల. చెక్క మిగులుతాదని రెండున్నర అంగుళాల ముక్కలోంచి తీస్తే వంపు దగ్గర పీచు అడ్డంగా తెగుతాది, కాలు అక్కడే చీలుతాది.

నడుమ పలక. వీపు మధ్యలో నిలువు పలక పెట్టి అందులో బొమ్మ కోయించుకుంటే పీచు కచ్చితంగా నిలువుగా ఉండాల. టేకు పొడుగునా దాదాపు కదలదు, అడ్డంగానే కదులుతాది. వానకూ ఎండకూ చెక్కలో తేమ 4 శాతం మారితే ఆరంగుళాల పలక 1 ఎంఎం పైనే పెరిగి తగ్గుతాది. వీపుకు అడ్డంగా ఉండే పై కమ్మిలో, కింది కమ్మిలో గాడి తీసి పలక చివరలు అందులో దించాల. మధ్యలో ఒక అంగుళం మేరకే ఫెవికాల్. గాడంతా జిగురు పూసి బిగించేస్తే ఏప్రిల్‌లో పలక నడిమికి టప్పున చీలుతాది. అది చెక్క లోపం అనుకుంటారు, కాదు, జిగురు లోపం.

బొమ్మలో వంపులుంటే. ఒంటి చెక్కలో సన్నటి వంపు తీస్తే పీచు పొట్టిగా తెగి, ఆ చోట చేత్తో విరిచినా విరుగుతాది. వంపుల బొమ్మ కావాలంటే 3 ఎంఎం టేకు పొరలు మూడు, నడిమిది అడ్డంగా పెట్టి అతికించి, 9 ఎంఎం పలక చేసి కోయించండి. ఎండీఎఫ్ కంటే ఖర్చే గానీ నెమలి మెడ నిలుస్తాది.

కింది సందు. సీటుకూ వీపు కింది కమ్మికీ మధ్య నాలుగైదు అంగుళాల ఖాళీ వదలాల. పిరుదులు వెనక్కి పోయేదానికి చోటు కావాల. ఆ చోట అలంకారం నింపితే నడుము ముందుకొస్తాది, పది నిమిషాలకే లేవాలనిపిస్తాది. వెన్ను ఆనేది సీటు మీద ఆరు నుంచి తొమ్మిది అంగుళాల ఎత్తులో. గట్టిగా, నున్నగా ఉండాల్సింది అక్కడ.

తోలుబొమ్మ
టేకుమాను అన్న చెప్పినదానికి తోడు ఒక మాట. చూసేవాళ్లంతా కుర్చీ వెనకనుంచి చూస్తాండారు, కూర్చునేవాళ్లు ముందునుంచి ఆనతారు. మరి చెక్కుడు పని ముందువైపు ఎందుకప్పా? పై కమ్మికి వెనకవైపే చెక్కించండి. ముందువైపు చిత్రిక పట్టి నున్నగా వదిలేయండి. వెన్నుకు గుచ్చుకోదు, చీర కొంగు తగులుకోదు, పాలిష్ కూడా తొందరగా అరగదు. లోతు 4 ఎంఎం చాలు. పై కమ్మి మందం అంగుళానికి తగ్గకూడదు.

డిజైనుకు ఫోనులో నెమళ్లు వెతికే పనేంది, లేపాక్షి పక్కనే ఉంటే? లతామండపం స్తంభాల మీద ఒకదానికొకటి పోలని తీగ డిజైన్లుంటాయి. చీరల అంచులకు నేతగాళ్లు వాటిని ఎప్పటినుంచో ఎత్తుకుంటానే ఉండారు. ఫొటో తీసుకొచ్చి కాగితం మీద మూడంగుళాల వెడల్పు పట్టీగా గీయించండి. తీగ మెలిక ఒకటి పూర్తిగా వచ్చేలా 18 అంగుళాల కమ్మిని నాలుగు భాగాలు చేస్తే, ఒక్కోటి నాలుగున్నర అంగుళాలు. బొమ్మ మధ్యలో తెగకుండా కొసకు సరిపోతాది.

ఎర్రనేల
వెనకవైపు చెక్కడం! ఎవరూ చెప్పలేదీ మాట. తోలుబొమ్మా, నిమ్మలకుంటలో చేసే తోలుబొమ్మల తోలు పలకలు వీపులో పెడితే ఎట్లుంటాది? దీపాల తొడుగులు చూస్తే శానా బాగుంటాయి.

తోలుబొమ్మ
వద్దప్పా. అది పలచగా చేసిన మేకతోలు, దాన్నిండా సన్నటి బెజ్జాలు. దీపం వెలుగు వెనకనుంచి వచ్చేదానికి చేసిన పని అది. వీపు ఆనిస్తే బెజ్జాల వరసెమ్మటి చినుగుతాది, చెమటకు రంగు కరుగుతాది. కొస కుర్చీకి వెనకవైపు మాత్రమే, లోపల ప్లైవుడ్ పలక, దాని మీద తోలు, దాని మీద సన్నటి టేకు పట్టీలు బిగిస్తే నిలుస్తాది. కానీ వెనక వెలుగు లేకుంటే దాని అందం సగం పోతాది. డబ్బు దీపానికి పెట్టండి.

ఆదోని_అంగడి
కడప పక్కనే కాబట్టి పై కమ్మిలో ఎర్రచందనం పట్టీ పొదిగిస్తే ఎట్లుంటాది? రంగు అదిరిపోతాది.

కడపకమ్మి
ఆ మాటే ఎత్తొద్దు. ఎర్రచందనం 1995 నుంచి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) రెండో జాబితాలో ఉంది. అమ్మకాలు ఎక్కువగా ప్రభుత్వ వేలం ద్వారానే. కాగితం లేని చిన్న ముక్క ఇంట్లో దొరికినా ఇబ్బందే. ఎవరన్నా చౌకగా ఇస్తామంటే దగ్గరికి రానీయొద్దు. ఎర్ర రంగు కావాలంటే టేకు మీద మహాగని స్టెయిను కొట్టించుకోండి, లేదంటే ముదురు రంగు జిట్రేగి (రోజ్ వుడ్) సన్న పట్టీ బిల్లుతో కొని పొదిగించండి.

ఆదోని_అంగడి
సరే అన్నా, అర్థమైంది. మరి వేపచెక్క? మా పక్క సామిల్లులో దండిగా దొరుకుతాది, చెదలు కూడా పట్టదంటారు.

టేకుమాను
వేప చట్రానికి ఓకే, బాగా ఆరితేనే. ఇట్లాంటి సన్న చెక్కుడు పనికి పనికిరాదు. దాని పీచు ఒక పొర ఇటు, ఒక పొర అటు పోతాది. చిత్రిక పడితే ఒకవైపు నున్నగా వస్తూనే ఇంకోవైపు పెచ్చులు లేస్తాయి. ఉలితో సన్న గీత తీస్తే అంచు ఊడొస్తాది.

నులకమంచం
ఇప్పుడు కేన్ సంగతి. "మన ఎండకు పగులుతాది" అనేది సగం నిజం. పొడిగా ఉన్న కేన్‌ను పొడిగానే బిగించి, ఎండ తగిలే చోట పెట్టి, ఏళ్ల తరబడి నీటి చుక్క తగలనీయకపోతే పగులుతాది. పద్ధతిగా చేస్తే నిలుస్తాది.

అల్లిన కేన్ షీటు తెచ్చుకోండి. అరంగుళం గడి, 18 అంగుళాల వెడల్పు రోల్. చట్రంలో చుట్టూ గాడి: వెడల్పు 5–6 ఎంఎం, లోతు 9 ఎంఎం. గాడి లోపలి అంచు, అంటే కేన్ వంగే అంచు, ఉప్పుకాగితంతో కొంచెం గుండ్రం చేయాల. పదునుగా వదిలేస్తే కేన్ అక్కడే తెగుతాది. ఎక్కువ కుర్చీలు పాడయ్యేది ఈ అంచు దగ్గరే.

షీటును గాడి బయటి కొలతకంటే నాలుగు పక్కలా ఒక అంగుళం ఎక్కువ కోసుకోండి. గోరువెచ్చటి నీళ్లలో ముప్పావు గంట నానబెట్టండి. కేన్‌కు మెరిసే పక్క నీళ్లు తాగదు, గరుకు పక్కే తాగుతాది, అందుకని గరుకు పక్క నీళ్లలోకి ఉండేలా బోర్లించండి. గాడిలో దిగ్గొట్టే బెత్తం పట్టీని ఇరవై నిమిషాలు వేరేగా నానబెట్టండి.

తీసి, నీళ్లు దులిపి, చట్రం మీద పరిచి, నిలువు పోగులు చట్రానికి నిలువుగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఒక్క గడి పక్కకు పోయినా దూరం నుంచి వంకర తెలుస్తాది. ముందు పైన మధ్యలో చెక్క మేకు కొట్టి ఆపండి, తర్వాత కింద మధ్యలో, తర్వాత రెండు పక్కలా మధ్యలో. అక్కణ్ణుంచి మూలల వైపు జరుగుతూ గాడిలోకి దించండి. గట్టిగా లాగే పని లేదు. ఆరితే అదే బిగుసుకుంటాది. తడిలోనే తంబూర తీగలా లాగితే ఆరినాక సన్న చట్రం వంగిపోతాది.

అంతా దిగినాక గాడి బయటి గోడ వెంబడి ఉలితో మిగులు కోసేయండి. మామూలు తెల్ల ఫెవికాల్ గాడిలో సన్నగా పోసి, బెత్తం పట్టీ పెట్టి, చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో మెల్లగా దించండి. మెరైన్ జిగురు వాడొద్దు. ఎప్పుడో ఒకనాడు కేన్ మార్చాల్సి వస్తాది. మామూలు జిగురైతే వేడినీటి గుడ్డ వేస్తే మెత్తబడి పట్టీ ఊడొస్తాది, మెరైన్ అయితే గాడే చెడిపోతాది. నీడలో ఒక రోజంతా ఆరనీయండి. వేలితో మీటితే టంగుమంటే సరిగా కూర్చున్నట్టు.

ఉప్పుకాగితం
కేన్ మీద పీయూ (పాలీయూరెథేన్ పాలిష్) కొట్టాలా వద్దా అది కూడా చెప్పన్నా. చాలామంది ఆచారులు చట్రంతో కలిపి కేన్ మీద కూడా స్ప్రే కొట్టేస్తారు.

నులకమంచం
వద్దు. మెరిసే పక్కకు పీయూ సరిగా అంటుకోదు, కొన్నాళ్లకు పొలుసులుగా లేస్తాది. గరుకు పక్క దాంతో మూసుకుపోతే తర్వాత నీళ్లు తాగదు, ఎండి పెళుసవుతాది. చట్రానికి పాలిషంతా అయినాకే కేన్ బిగించండి. మార్చి నుంచి జూన్ దాకా పది పదిహేను రోజులకొకసారి వెనక గరుకు పక్కను తడిగుడ్డతో తుడవండి. మన దగ్గర కూలర్ వేసుకుంటే ఆ గాలి తేమ కూడా సాయమే. ఎండ నేరుగా పడే కుర్చీని మాత్రం మధ్యాహ్నం బల్ల కిందికి తోసేయండి.

కడపకమ్మి
ఇంత సేవ ఎవరు చేస్తారు? ప్లాస్టిక్ కేన్ షీటు వేస్తే తడపాల్సిన పనే లేదు.

నులకమంచం
ప్లాస్టిక్‌కు తడి అక్కర్లేదు, నిజమే. కానీ అది ఆరితే బిగుసుకోదు. దించేటప్పుడు ఎంత బిగువుంటే అంతే, ఆనుకుని ఆనుకుని పొట్ట జారుతాది. మళ్లీ బిగించే దారి లేదు. కిటికీ ఎండకు చౌకరకం పసుపెక్కుతాది. వరండా కుర్చీకి ప్లాస్టిక్, హాలులో కేన్.

గీతలపుస్తకం
ఇంకో చిక్కు: వీపు వంపు. పై కమ్మి, కింది కమ్మి వంపుగా ఉండి మధ్యలో కేన్ వేస్తే, కేన్ అంచుల దగ్గరే వంపును అనుసరిస్తుంది. నడుమ మాత్రం తిన్నగా సాగి, కూర్చున్నవాళ్ల వెన్ను వైపు ముందుకొస్తుంది. 16 అంగుళాల వెడల్పుకు వంపు లోతు అరంగుళం దాటనీయకండి. ఎక్కువ వంపు కావాలంటే కేన్ మానేసి కడ్డీలకు పోండి. కడ్డీలు తిన్నగానే ఉన్నా వరస వంపుగా నిలుస్తుంది.

టేకుమాను
కడ్డీల లెక్క: లోపలి వెడల్పు 16 అంగుళాలుంటే 16 ఎంఎం లావు కడ్డీలు ఆరు పెట్టండి. సందు 44 ఎంఎం వస్తాది. సరిసంఖ్య పెడితే వెన్నుపూస కడ్డీ మీద పడకుండా సందులో పడతాది. కడ్డీ కొసలు 12 ఎంఎం లావుకు తగ్గించి, కమ్మిలో 22 ఎంఎం లోతు దించాల. పై బెజ్జం 3 ఎంఎం అదనపు లోతు ఉంటేనే బిగింపులో అన్నీ కూర్చుంటాయి. లేత్ పట్టేముందు చెక్క బాగా ఆరిందో లేదో చూసుకోండి. పచ్చి కడ్డీ ఆరితే సన్నబడి బెజ్జంలో గిరగిరా తిరుగుతాది.

సూదిదారం
ఇంట్లో పసిపిల్లలుంటే జాలీ అయినా, కడ్డీలైనా, నిచ్చెన వీపైనా ఒక కొలత గుర్తుపెట్టుకోండి. సందు 9 సెంటీమీటర్లకు తక్కువ ఉండాలి. 9 నుంచి 23 సెంటీమీటర్ల మధ్య సందులో పిల్లల ఒళ్లు దూరి తల ఇరుక్కుంటుంది. టేకుమాను అన్న చెప్పిన 44 ఎంఎంకు భయం లేదు. నిచ్చెన వీపు వేయించేవాళ్లే చూసుకోవాలి.

ఎర్రనేల
అక్కా, కొస కుర్చీలకు కుషన్ వీపు వేద్దామని ఒక ఆలోచన. గుడ్డ ఏది నిలుస్తాది?

సూదిదారం
ముందువైపు, వెనకవైపు వేరు వేరు గుడ్డలు వేయండి. ముందువైపుకు రుద్దుడు ఎక్కువ, పైగా మన తలనూనె. వీపు పైఅంచు మీద కొబ్బరినూనె మరక పడితే గుడ్డలోంచి ఫోమ్‌లోకి దిగుతుంది, పైపైన తుడిస్తే పోదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో మకాసర్ అనే తలనూనె రాసుకునేవాళ్ల వల్ల కుర్చీ వీపుల మీద అల్లిక గుడ్డలు వేయడం మొదలైంది, సమస్య ఇదే. కాబట్టి వీపు 36 అంగుళాల లోపుంటే తల తగలదు, మొదటి గండం తప్పుతుంది. 40 అయితే పైన ఆరేడంగుళాలకు విప్పి ఉతికే తొడుగు కుట్టించండి, వెనక కింద రెండు ప్రెస్ బటన్లతో.

వెనకవైపుకు ఎవరూ ఆనరు, అక్కడ పట్టు వేసుకోవచ్చు. పాత ధర్మవరం చీర బీరువాలో మడతల దగ్గర నలిగి పడుంటే దాని అంచూ కొంగూ బాగుంటాయి కదా, ఆ ముక్క వాడండి. వీపు ఒక్కోదానికి 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడుగు ముక్క చాలు, మడతలు పోగా. వెనక ఫ్యూజింగ్ గుడ్డ ఇస్త్రీ చేసి అతికించాకే కోయాలి, లేకుంటే జరీ పోగులు జారిపోతాయి. జరీ అంచు వీపు పైన అడ్డంగా కాకుండా నిలువుగా, ఒక పక్కన పడేలా పెడితే సోఫాలోంచి పట్టీగా కనపడుతుంది. పైఅంచున గట్టి అట్టపట్టీ లోపల పెట్టి పిన్ను కొట్టి కిందికి తిప్పితే పిన్నులు కనపడవు. పక్కలకు మాత్రం చేతికుట్టు వేయాలి. పట్టుకు ఎండ పడదు. కిటికీ దగ్గరి కుర్చీకి వేస్తే రంగు పోవడమే కాదు, పోగే పొడవుతుంది. వాకిలి వైపు కొస కుర్చీకి వేయండి.

ఫోమ్ ముందువైపు 32 డెన్సిటీ, అంగుళంన్నర మందం. వీపుకు అంతకంటే లావు వేస్తే సీటు లోతు తగ్గిపోతుంది.

ఆదోని_అంగడి
వీపుకు నవారు అల్లిక ఎవరూ చెప్పలేదే. ఇప్పుడు ఫ్యాషన్ కదా. నులకైనా సరే.

నులకమంచం
పేరు నులకమంచం పెట్టుకున్నా కుర్చీ వీపుకు నులక వద్దనే చెప్తా. మంచానికి కాళ్లపక్క తాడుంటాది, సాగినప్పుడు బిగించుకుంటాము. కుర్చీ వీపుకు బిగించే చోటే ఉండదు. నవారు పరవాలేదు. రెండంగుళాల నూలు నవారు, గీత కనపడేలా రెండు రంగులు, నిలువుగా ఆరు అడ్డంగా ఐదు, కొసలు చట్రం లోపలికి మడిచి రెండు వరసల పిన్నులు. నూలు కొంచెం సాగుతాది కాబట్టి బిగించేటప్పుడు వాయించినట్టు గట్టిగా లాగాల. కేన్‌కు చెప్పినదానికి ఇది తిరుగుడు.

కొండారెడ్డిబురుజు
దుమ్ము సంగతి ఎవరూ ఎత్తలేదు. కర్నూలు, అనంతపురం గాలికాలంలో జాలీ వీపు తుడవడమంటే ఒక్కో గడిలో వేలు పెట్టి తుడవాల. సన్న గళ్లయితే పెయింటు బ్రష్షు ఒకటి దానికోసమే పెట్టుకోవాల. కడ్డీలకు గుడ్డ ఒక్కసారి పైనుంచి కిందికి లాగితే అయిపోతాది. చెక్కుడు పనికి కూడా 4 ఎంఎం కంటే లోతు పోతే మూలల్లో దుమ్ము పాలిష్‌తో కలిసి నల్లగా కూర్చుంటాది.

ఎర్రనేల
అందరిదీ చదివి ఒక తీరుకొచ్చినాము. పక్కనుండే నాలుగు కుర్చీలకు కేన్ వీపు, 35 అంగుళాల ఎత్తు. కొస రెంటికీ 39 అంగుళాలు, పై కమ్మికి వెనకవైపు లేపాక్షి తీగ చెక్కించి, కింద కడ్డీలు. ఎండీఎఫ్ నెమలి మానుకున్నాము. కుషన్ కూడా సీటుకే. రేపు టింబర్ డిపోకు పోతాము. చెక్క ఎంత అడగాల? కేన్ ఎంత?

టేకుమాను
కుర్చీకి ముప్పాతిక ఘనపుటడుగు, తరుగుతో కలిపి. ఆరింటికి నాలుగున్నర అడగండి, కొస కుర్చీలు ఎత్తు కాబట్టి ఐదు తీసుకుంటే నిశ్చింత. అందులో వెనక కాళ్లకు ఏడంగుళాల వెడల్పు, ఒకటిన్నర మందం పలకలు కావాల. అంత వెడల్పుంటే ఒక పలకలో రెండు కాళ్లు వంపులో వంపు ఇరికించి గీయొచ్చు. ముందు అట్టతో కాలి నమూనా కోసుకుని డిపోలోనే పలక మీద పెట్టి చూడండి. ముడి పడితే సీటు మట్టం దగ్గర పడనీయొద్దు. పై కమ్మి వంపుకు రెండున్నర అంగుళాల మందం చెక్క విడిగా అడగండి, అడక్కుంటే డిపోవాళ్లు ఆ మందం చూపించరు. బలార్షా టేకు అయినా ఇంకోటైనా తేమ మీటరు పెట్టి చూపించమనండి. 10 శాతం పైన ఉంటే ఇంట్లో నీడన పేర్చి, మధ్యన పట్టీలు పెట్టి ఆరబెట్టాకే కోయించండి.

నులకమంచం
కేన్: లోపలి ఖాళీ 14 అడ్డం, 12 నిలువు పెట్టుకుంటే, గాడి బయటికి 15×13 వస్తాది. ఒక్కో పక్కా అంగుళం కలిపితే 17×15. 18 అంగుళాల రోల్‌లో ఒక్కోదానికి 15 అంగుళాల పొడుగు. నాలుగింటికి 5 అడుగులు. ఆరున్నర అడుగులు తెచ్చుకోండి, మొదటి ముక్క ఆచారి చెయ్యి అలవాటు కావడానికి. బెత్తం పట్టీ కుర్చీకి ఐదడుగులు, 5 ఎంఎం లావుది, గాడి కంటే ఒక పిసరు సన్నం. అంగడిలోనే గాడి తీసిన ముక్కలో పట్టీ పెట్టి చూసుకోండి.

గీతలపుస్తకం
ఒకేసారి ఆరూ కోయించొద్దు. ముందు ఒక కేన్ కుర్చీ, పాలిష్ లేకుండా. బల్ల దగ్గర పెట్టి సాయంత్రం కిటికీ ఎండలో సోఫాలోంచి చూడండి, ఒకరిని కూర్చోబెట్టి అన్నం తిననీయండి. వీపు ఎత్తు తగ్గించాలంటే అప్పుడు కోసేయొచ్చు. పెంచడం కుదరదు కాబట్టి ఆ మొదటిదానికి ఒక అంగుళం ఎక్కువ వదలమనండి.

ఎర్రనేల
సరే అన్నా, 36కి చేయించి చూస్తాము. మొదటిదాని ఫొటో ఇక్కడే పెడతాను. తోలుబొమ్మా, లేపాక్షి తీగను ఏ స్తంభం నుంచి ఎత్తుకుంటే చెక్కేదానికి తేలిక?

తోలుబొమ్మ
స్తంభం నంబరుతో చెప్పేదానికి రాదప్పా. పోయి చూసేటప్పుడు గీతకూ గీతకూ మధ్య కనీసం వేలి మందం ఎడమున్నది ఎంచుకోండి. మూడంగుళాల పట్టీలోకి తగ్గించినప్పుడు ఆ ఎడం 5 ఎంఎం అయినా మిగలాల, ఉలి మొన తిరిగేదానికి. పొద్దున్నే పోండి, ఎండ ఏటవాలుగా పడతాది, చెక్కుడు లోతు ఫొటోలో బాగా తేలుతాది.